గుమ్మం మీది పేరు

నేను వైద్యం నేర్చినది కళాశాలలో కాదు. కోనసీమలోని ఒక గ్రామంలో, గురువుగారి ఇంట. అది 1970ల చివరి కాలం. మేము ఆరుగురు విద్యార్థులం. ఉదయం అష్టాంగహృదయం వల్లెవేయుట, మధ్యాహ్నం కల్వంలో మందులు నూరుట, సాయంకాలం అరుగు మీద గురువుగారు రోగులను చూస్తుండగా ప్రక్కన కూర్చుని నాడి పట్టుట – ఇదీ మా దినచర్య. మా భోజనానికి గురువుగారి కొద్దిపాటి పొలమే ఆధారం. వరద వచ్చిన ఏడు ఆ బియ్యం సంక్రాంతి దాటేది కాదు.

అట్టి ఒక ఏడు, సారా కాంట్రాక్టరు ఒకరు కడుపునొప్పికి మందు కోసం వచ్చారు. వంటింటి పరిస్థితి ఎవరో ఆయన చెవిన వేసినట్లున్నారు. “అయ్యవారూ, ఏడాది పొడుగునా పిల్లల బియ్యం నా వంతు. గుమ్మం ప్రక్కన నా పేరుతో చిన్న బోర్డు మాత్రం కట్టిస్తాను, అంతే” అన్నారు. గురువుగారు ఆయనకు మజ్జిగ ఇప్పించి, మందు పొట్లాలు కట్టి, అందరి వద్ద తీసుకొనే రుసుమే తీసుకొని, “నొప్పి తగ్గుతుంది, వేళకు భోంచేయండి. బియ్యం మాట మరచిపొండి” అని సాగనంపారు. ఆ రాత్రి మాతో ఇట్లా అన్నారు: “వైద్యుని గుమ్మం మీద ఏ పేరు ఉంటే ఆ పేరు రోగికి వైద్యుని మాటగానే వినిపిస్తుందిరా. ఆయన మనకు బియ్యం ఇవ్వడం లేదు, నా మాటను కొనుక్కొంటున్నాడు.” ఆ వేసవి అంతా రాత్రిపూట మాకు గంజే భోజనం. ఆ వయసులో గురువుగారి పట్టుదల మాకు కొంత కోపం కూడా తెప్పించింది.

ఆ మాట అర్థం కావడానికి నాకు ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. అర్థమైనది కూడా నా తప్పు వల్లనే. ఆ తప్పును ఈ పత్రిక పాఠకుల ముందు దాచుకోదలచలేదు.

సుమారు పదిహేనేళ్ళ క్రితం ఒక టెలివిజన్ చానల్ వారు మధుమేహంలో ఆహార నియమాలను గురించి అరగంట మాట్లాడమని పిలిచారు. సంతోషంగా వెళ్ళాను. పాత బియ్యం, యవలు, మెంతులు, కాకర, నిత్యం నడక – ఇవన్నీ చెప్పాను. వాడుతున్న మాత్రలను వైద్యుని అడగకుండా మానవద్దని కూడా చెప్పాను. కార్యక్రమం ప్రసారమైనప్పుడు గాని తెలియలేదు: ఆ అరగంటను సమర్పించినది ఒక చూర్ణం అమ్మే వ్యాపారి అని. నా మాటలకు ముందు ఆ చూర్ణం, నడుమ ఆ చూర్ణం, చివర ఆ చూర్ణం. “మధుమేహం ఇక మాయం” అని దాని కేక. కొంత చిన్నబుచ్చుకొన్నాను గాని, పోనీలే అని ఊరుకొన్నాను. చానల్ వారికి ఒక ఉత్తరం ముక్క అయినా వ్రాయలేదు.

మూడు నెలలకు, ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన ఒక అమ్మగారు కాలికి కట్టుతో వచ్చారు. పుండు నల్లబడి ఉన్నది. మాత్రలు మానివేసి చూర్ణం వాడుతున్నారట. ఎందుకు మానారమ్మా అని అడిగితే ఆమె ఆశ్చర్యపోయి, “అదేమిటండీ, టీవీలో మీరే చెప్పారు కదా!” అన్నారు. వెంటనే ఆసుపత్రికి పంపాను. ప్రాణం దక్కింది, ఒక వేలు తీసివేయవలసి వచ్చింది. ఆమె ఆ చూర్ణాన్ని నమ్మలేదు. నన్ను నమ్మారు. గుమ్మం నాది, బోర్డు వ్యాపారిది.

ఒక సామాన్య వైద్యుని మీది నమ్మకమే ఇంత పని చేస్తే, దేశం మొత్తం నమ్మిన గొంతుక సంగతి ఏమిటి? ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ గొంతుకను గురించే – ప్రజల ధనంతో నడిచే ఆకాశవాణి, దూరదర్శన్‌లను గురించి.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. మా ఊరిలో రేడియో ఉన్న ఇల్లు ఒక్కటే. వరద హెచ్చరిక వచ్చినా, పంటకు తెగులు సోకినా, మశూచి టీకాలు వేసినా “రేడియోలో చెప్పారు” అన్నదే ప్రమాణం. 1975–76లో ఉపగ్రహం ద్వారా విద్యా ప్రసారాల ప్రయోగం జరిగినప్పుడు, ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నవి. ఆ పల్లెవాసులు టెలివిజన్ తెరపై చూసినవి సబ్బులూ శీతల పానీయాలూ కావు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. ఇంటి పెద్ద ఎట్లాగో ఈ రెండూ అట్లాగు. పెద్దవారు ఎదురుగా కూర్చుని చెప్పినదానిని పిల్లలు ప్రశ్నించరు.

ఈ పెద్దరికాన్ని పోషించినవారు ఎవరు? మనమే. రేడియోకు తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టిన రోజులు నా ఈడువారికి గుర్తుండే ఉంటాయి. 1980లలో ఆ రుసుము పోయింది. అంతకు ముందే వ్యాపార ప్రకటనల ధనం ప్రవేశించింది – వివిధభారతిలో 1967 నవంబరు 1 నుండి, దూరదర్శన్‌లో 1976 జనవరి 1 నుండి. 1984లో ‘హమ్ లోగ్’ ధారావాహికతో ప్రాయోజిత కార్యక్రమాలకు ఊపు వచ్చింది. “ఈ కార్యక్రమాన్ని సమర్పిస్తున్నవారు...” అన్న మాట ప్రతి ఇంటా పరిచితమైనది.

వ్యాపారి ధనం పుచ్చుకొనడమే తప్పని నేను అనను. సబ్బు అమ్మేవాడు, సైకిలు అమ్మేవాడు ధర్మంగా చెప్పుకొంటే దోషమేమి? దోషం వేరొకచోట ఉన్నది. ఏ వస్తువును గురించి ఆ గొంతుక మనలను హెచ్చరించవలసి ఉన్నదో, ఆ వస్తువు పేరే ఆ గొంతుకలోనుండి వినబడితే అది దోషం.

“అట్టివాటికి నిషేధం ఉన్నది కదా” అని మీరు అనవచ్చును. ఉన్నది. ఆకాశవాణి, దూరదర్శన్‌ల ప్రకటనల నియమావళిలో సిగరెట్లకు, పొగాకుకు, మద్యానికి స్థానం లేదు. అయితే వీధి గుమ్మం మూసితే దొడ్డి గుమ్మం తెరచుకొన్నది. 1996లో ప్రపంచ క్రికెట్ పోటీలు మన ఉపఖండంలో జరిగినవి. హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలోనూ, విశాఖపట్నంలోనూ కూడా ఆటలు జరిగినవి. దూరదర్శన్ వాటిని ఇంటింటికీ చేర్చింది. ఆ పోటీల పేరేమిటి? ‘విల్స్ వరల్డ్ కప్’. ఒక సిగరెట్టు పేరు! ప్రకటనల విరామంలో సిగరెట్టు లేదు. ఆట పేరులోనే ఉన్నది. మన జట్టు చొక్కాల మీద సైతం అదే పేరు ఉండేది. వ్యాఖ్యాత నోట, వార్తలు చదివేవారి నోట ఆ పేరు ఎన్నిసార్లు వచ్చినదో లెక్క లేదు.

ఇట్టి పేర్లు పిల్లల మనస్సులో ఏమి చేస్తాయో చూడండి. 1995లో పొగాకు సంస్థ ప్రాయోజకత్వంలో భారత్–న్యూజీలాండ్ ఆటలు జరిగిన తరువాత గోవాలోని పాఠశాల విద్యార్థులను ప్రశ్నించి చేసిన ఒక అధ్యయనం 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఆ ఆటలు చూసిన పిల్లలలో పొగాకును రుచి చూసే మొగ్గు హెచ్చుగా కనబడినదనీ, పొగత్రాగితే ఆట మెరుగవుతుందన్న భ్రమ కొందరిలో నాటుకొన్నదనీ దాని సారాంశం. పొగ ఊపిరిని హరిస్తుంది. పిల్లవానికి అది ఊపిరి పోస్తుందని తోచింది!

2001లో ప్రభుత్వం పొగాకు ప్రకటనల నిషేధానికి చట్టం తేనున్నట్లు ప్రకటించగానే ఆ సంస్థ క్రికెట్ ప్రాయోజకత్వం నుండి తప్పుకొన్నది. 2003లో చట్టం వచ్చింది. కథ అక్కడితో ముగిసినదా? లేదు. పేరు అదే ఉండి, వస్తువు మాత్రం మారింది. పాన్ మసాలా పేరుతో ఏలకులు, మద్యం పేరుతో సోడా వచ్చినవి. మొన్న మా పదేళ్ళ మనవడు ఆట చూస్తూ మైదానం చుట్టూ ఉన్న బోర్డు మీది పేరు గడగడా చదివాడు. “అది ఏమిటో తెలుసా నాయనా?” అంటే, “ఏలకులు, తాతయ్యా! మీరు కూడా ఏలకులు మంచివని చెబుతారుగా” అన్నాడు. ఏలకుల సద్గుణం నేను నేర్పినదే. దానిని చాటుగా కప్పుకొని ఆ పేరు వాని నోటిలో కూర్చున్నది. రేపు కిళ్ళీ కొట్టు వద్ద అదే పేరుతో మరొక పొట్లం కనబడితే వానికి అది అపరిచితం కాదు.

2007లో చేసిన ఒక చట్టం ప్రకారం, జాతీయ ప్రాముఖ్యం గల ఆటల ప్రసారాన్ని హక్కుదారులు తమ ప్రకటనలు తీసివేసి ప్రసార భారతితో పంచుకోవాలి. టెలివిజన్ ప్రకటనల ఆదాయంలో కనీసం 75 వంతులు హక్కుదారునికి, తక్కినది ప్రసార భారతికి. విరామంలోని ప్రకటనలనైతే తీసివేయవచ్చును. మైదానం అంచున ఉన్న బోర్డులను ఎట్లా తీసివేస్తారు? బంతి అటు పరుగెత్తిన ప్రతిసారీ కన్ను అటే పోతుంది. జూదం పేర్లు కూడా ఈ దారినే వచ్చినవి. జూదపు సంస్థలు వార్తల పేరుతో, క్రీడా సమాచారం పేరుతో ప్రకటనలు ఇస్తున్నవని 2022లో కేంద్ర సమాచార మంత్రిత్వశాఖ హెచ్చరించవలసి వచ్చింది. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ నడుమ ఎన్ని ఇళ్ళు అప్పులపాలైనవో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

మా శాస్త్రం రోగకారణాలను మూడుగా విభజించింది. ఇంద్రియాలకు తగని విషయాలతో సంబంధం ఒకటి. దానికి అసాత్మ్యేంద్రియార్థ సంయోగమని పేరు. తెలిసి తెలిసి బుద్ధి తప్పడం రెండవది, అది ప్రజ్ఞాపరాధం. కాలప్రభావం మూడవది. నోటితో తిన్నదే ఆహారమని మనం అనుకొంటాము. కంటితో, చెవితో లోనికి పోయేదానినీ చరకాచార్యుడు రోగకారణాలలో లెక్కించాడు. పిల్లవాని కంటికి దినదినం తగని పేరును చూపుట మొదటి దోషం. ఫలితం తెలిసి కూడా ధనం కోసం చూపుట రెండవది.

ఫలితం ఎట్లా ఉంటుందో నా అరుగు మీద చూశాను. ఇరవై ఏడేళ్ళ యువకుడు, లారీ షెడ్డులో పని. కారం తగిలితే నోరు మండుతున్నదని వచ్చాడు. నోరు తెరవమంటే ఒక్క వ్రేలు మాత్రమే పట్టింది. పదునాలుగో ఏట నుండి పాన్ మసాలా అలవాటు. “అందులో పొగాకు లేదండీ, ఉత్త వక్కే” అన్నాడు. ఉత్త వక్క కూడా క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది. వక్క నమలగా నమలగా బుగ్గల లోపలి పొర బిగుసుకొని నోరు మూసుకొనిపోతుంది. దానిని మందుపొడులతో నయం చేయగలనని చెప్పి ఆ యువకుని కాలం వృథా చేయలేదు. ఆనాడే దంత వైద్యశాలకు పంపాను. పాఠకులు ఇది గుర్తుంచుకొందురు గాక: ఆరోగ్యవంతుడు తన మూడు వ్రేళ్ళను నిలువుగా పై పండ్లకూ క్రింది పండ్లకూ నడుమ పట్టించగలగాలి. అట్లా పట్టకపోతే ఆలస్యం చేయరాదు.

నా వాదానికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు.

“ధనం లేకుంటే మంచి కార్యక్రమాలు ఎట్లా?” అంటారు. ప్రసార భారతి ఉద్యోగుల జీతభత్యాలలో అధికభాగం నేటికీ ప్రభుత్వ ఖజానా నుండే వస్తున్నది. అనగా మొదటి ప్రాయోజకులం మనమే. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ విభాగం ఆ సంస్థ బాధ్యతలను చెబుతూ విద్య, వ్యవసాయం మొదలైనవాటితో పాటు ఆరోగ్యాన్ని పేరు పెట్టి పేర్కొన్నది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు కూడా ఉన్నారు. ఆస్తి మనది, పోషణ మనది. మన పిల్లలకు కీడు చేసేవాని పేరుకు అందులో చోటు ఎందుకు?

“పొగాకు రైతు గతి?” అంటారు. గుంటూరులో పొగాకు బోర్డు ఉన్న రాష్ట్రం మనది. ప్రకాశం జిల్లా రైతు చెమటను నేను తక్కువ చేయను. ఆ రైతు పంటకు ధర రావడానికి పిల్లల కళ్ళ ఎదుట ఒక బ్రాండు పేరు ఆడించనవసరం లేదు. ఆయనకు కావలసినది గిట్టుబాటు ధర, ప్రత్యామ్నాయ పంట. దానిని గురించి దూరదర్శన్ కార్యక్రమాలు చేస్తే అదే ఆయనకు మేలు.

“మీ శాస్త్రంలోనే ధూమపానం ఉన్నది కదా?” అని చమత్కరించేవారు కూడా ఉన్నారు. ఉన్నది. ఏలకులు, చందనం, వట్టివేరు, గుగ్గిలం మొదలైనవాటితో చేసిన వర్తిని, నియమిత కాలాలలో, వైద్యుని ఆజ్ఞతో వాడేది. పొగాకు మొక్క అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. చరకుని కాలానికి ఆ ఆకు మన దేశంలో లేదు.

చివరి ఆక్షేపణ నాకు నేనే చేసుకొంటాను. పొగాకు వారిని అన్నంత గట్టిగా మావారిని అనగలవా అని. అనగలను. 1954 నాటి చట్టం మధుమేహం, క్యాన్సరు, పక్షవాతం, మూర్ఛ, రక్తపోటు వంటి రోగాలను నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వరాదని నిషేధించింది. అయినా ఆయుర్వేదం పేరుతో ఈ వాగ్దానాలు ఆగలేదు. పై వేషంతో వైద్యులుగా చలామణీ అయ్యేవారిని చరకుడు ఛద్మచరులన్నాడు. వారి ధనం పొగాకు ధనం కంటె శుభ్రమైనది కాదు. వారికి నేను ఒకసారి అరగంట ఇచ్చి ఉన్నాను గనుక ఈ మాట నా నోట రావడమే న్యాయం.

అయితే హద్దు ఎక్కడ? తీపి బిస్కట్లు, వేపుడు పదార్థాలు కూడా కీడే కదా? మితం తప్పితే కీడు చేసేవి వేరు, మితమే లేనివి వేరు. ప్రజల ప్రసార సంస్థ ఏ ప్రాయోజకుని ధనమైనా పుచ్చుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలునని నా మనవి. ఒకటి: ఈ పేరుతో అమ్మే ఏ వస్తువునైనా పదునెనిమిదేళ్ళ లోపువారికి అమ్మరాదని చట్టం చెబుతున్నదా? రెండు: ప్రకటనలో చూపిన వస్తువు నిజంగా అమ్మకానికేనా, లేక మరొకదానికి ముసుగా? మూడు: నయంకాని రోగాన్ని నయం చేస్తానంటున్నదా? మూడింటిలో ఒక్కదానికి తప్పు సమాధానం వచ్చినా ఆ ధనం వద్దు. ఆటల పేర్లకు, చొక్కాలకు, మైదానపు బోర్డులకు కూడా ఇదే నియమం ఉండాలి. బోర్డులు మార్చనిదే ప్రసారం లేదని ముందుగా ఒప్పందంలో వ్రాసుకొనవచ్చును. వద్దనే శక్తి లేని సంస్థ కాదు అది.

మనం చేయగలిగినది స్వల్పమని అనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలను సారాపై కదిలించినది అక్షరాస్యతా వాచకంలోని ఒక పాఠం. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ప్రజాధనంతో అచ్చయిన పాఠానికి అంత బలం ఉన్నది. అందుకే ప్రజాధనంతో నడిచే తెరను ఎవరికో అద్దెకు ఇవ్వరాదని నా బాధ.

అభ్యంతరకరమైన పేరు కనబడినప్పుడు తేదీ, సమయం, కార్యక్రమం పేరు వ్రాసుకొని కేంద్ర సంచాలకులకు ఒక ఉత్తరం వ్రాయండి. ఒక ఇంటి ఉత్తరం బుట్టదాఖలు కావచ్చును. వీధిలోని పది ఇళ్ళ ఉత్తరాలకు సమాధానం చెప్పక తప్పదు. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఆ పేరు వెనుక ఏమున్నదో విప్పి చెప్పండి. భోజనానంతరం నోటికి ఏదైనా కావాలంటే వేయించిన సోంపు, కొద్దిగా వాము, ఎండు ఉసిరి ముక్కలు కలిపి సీసాలో ఉంచండి. ఏలకులు కూడా వేసుకొండి – కిరాణా కొట్టులో తూచి ఇచ్చేవి.

గురువుగారు పోయి చాలా ఏళ్ళైనది. కాలు బాగుపడిన ఆ అమ్మగారు నేటికీ నా వద్దకు వస్తుంటారు. చానల్ వారికి ఆనాడు వ్రాయని ఉత్తరాన్ని గురించి ఆమెకు చెప్పాను. “ఇప్పుడైనా వ్రాయండి, నేను కూడా సంతకం చేస్తాను” అన్నారు. మొన్న ఇద్దరం సంతకాలు చేసి పోస్టు చేశాము.